ఏ నూనె, ఏ జంతువు, ఎన్నో రోజు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష మీద నీకు పట్టుంది. కానీ మూడో పేరాలోని ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "రేప్‌సీడ్ నూనె గుండెకు చేటు చేస్తుందని ఎలుకల మీద ప్రయోగాలలో తేలింది" అని రాశావు. రేప్‌సీడ్ అంటే ఆవాల జాతికి చెందిన నూనెగింజ. నీ మాటలో అబద్ధం లేదు. అయినా ఇది చదివినవారు వంటింట్లోని కనోలా నూనె సీసాను తీసి పారబోయవచ్చు, అలా పారబోయడానికి ఈ వాక్యంలో ఆధారం లేదు. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాస్తున్నాను.

మొదట నూనె సంగతి చూడు. ఒకే పేరు మీద రెండు వేరువేరు నూనెలు ఉన్నాయి. పాత రకాల గింజల నూనెలోని కొవ్వు ఆమ్లాలలో సుమారు సగం దాకా ఎరూసిక్ ఆమ్లం అనే ఒక్కటే ఉండేది. కెనడాలో కీత్ డౌనీ, బాల్డర్ స్టెఫాన్సన్ చేసిన సంకరణ కృషితో ఆ ఆమ్లం బాగా తగ్గిన రకాలు వచ్చాయి. ఎరూసిక్ ఆమ్లమూ, నూనె తీశాక మిగిలే గింజల పిండిలో ఉండే గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలూ రెండూ తగ్గిన మొదటి రకం 'టవర్' 1974లో విడుదలైంది. ఇలాంటి రకాలకు కనోలా అన్న పేరు ఆ తర్వాత వచ్చిందే. ఈ నూనెలో ఎరూసిక్ ఆమ్లం 2 శాతానికి లోపే ఉంటుంది, ఒలియిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లం 60 శాతం వరకు ఉంటుంది. నువ్వు ఉదహరించిన ప్రయోగం పాత నూనెతో చేసినది. ఆ ఒక్క విశేషణం రాయకపోవడం వల్ల నీ వాక్యం దారి తప్పింది.

ఇక గుండెలో జరిగేది. ఎరూసిక్ ఆమ్లం 22 కార్బన్ల గొలుసు. గుండె కండరం తన శక్తిలో అధిక భాగాన్ని కొవ్వు ఆమ్లాలను మైటోకాండ్రియాలో, అంటే కణంలోని శక్తి కేంద్రాలలో, దహించి సంపాదించుకుంటుంది, కానీ ఇంత పొడుగు గొలుసును అక్కడ దహించడం చాలా మందకొడిగా సాగుతుంది, పైగా అది మిగిలిన కొవ్వు ఆమ్లాల దహనానికీ అడ్డు తగులుతుంది. ఖర్చు కాని కొవ్వు ట్రైగ్లిజరైడ్ల (నిలవ కొవ్వు) రూపంలో కండర కణాలలోనే నిలవ పడుతుంది. ఆ నూనె ఎక్కువగా కలిపిన మేత పెట్టిన ఎలుకల గుండెలో ఈ నిలవ మొదటి వారంలోనే పతాక స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత అదే మేత కొనసాగుతున్నా నిలవ క్రమంగా తగ్గుతుంది. ఈ విషయాన్ని నువ్వు అసలు ప్రస్తావించనే లేదు. కణాలలోని పెరాక్సిసోమ్‌లు అనే చిన్న సంచులు చురుకెక్కి ఆ పొడుగు గొలుసును కురచ చేసి, మైటోకాండ్రియాకు అనువైన పొడవుకు తెస్తాయి. అంటే ఐదో రోజున కోసి చూసిన గుండె ఒక కథ చెబుతుంది, పదో వారంలో చూసినది మరొకటి చెబుతుంది. నెలల తరబడి సాగిన ప్రయోగాలలో కొవ్వు తగ్గిన గుండెలోనే అక్కడక్కడ కణాలు చచ్చి మచ్చలు కట్టడం కూడా చూశారు. కనుక ఎన్నో రోజో రాయకుండా "కొవ్వు పేరుకుంది" అని రాయకు.

దీన్ని నేను కళ్లారా చూసి నేర్చుకున్నాను. ఒక ప్రయోగశాలలో ఒకే గుండె నుంచి తీసిన రెండు స్లైడులు పక్కపక్కన పెట్టి చూపించారు. మైనంలో పొదిగి కోసిన ముక్కలో కండర పోగుల నడుమ సన్నని ఖాళీ రంధ్రాలు తప్ప ఏమీ లేవు, ఎందుకంటే మైనానికి ముందు వాడే ఆల్కహాలూ జైలీనూ కొవ్వును కరిగించి తీసుకుపోతాయి. గడ్డకట్టించి కోసి 'ఆయిల్ రెడ్ ఓ' రంగు వేసిన ముక్కలో ఆ రంధ్రాలున్న చోటే ఎర్రని బిందువులు పోగుల వెంట వరుసగా, దండలో పూసల్లా మెరిశాయి. ఆనాటి నుంచి ఏ ఫలితాన్ని రాసినా, దాన్ని ఏ పద్ధతిలో చూశారో ముందు అడుగుతాను.

నీ పట్టికలో ఇంకో చిక్కుంది. ప్రతి కొవ్వు ఆమ్లాన్నీ మొత్తంలో శాతంగానే ఇచ్చావు. గుండెలోకి ట్రైగ్లిజరైడ్లు వచ్చి చేరితే కణాల పొరలలో ఉండే అరాకిడోనిక్ ఆమ్లం శాతం దానంతట అదే పడిపోతుంది. ఆ పొరలలోని ఆమ్లం ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గి ఉండకపోవచ్చు. గ్రాము కణజాలానికి ఎన్ని మిల్లీగ్రాములో కూడా ఇవ్వు. నిలవ ఉండే ట్రైగ్లిజరైడ్లనూ, పొరలను కట్టే ఫాస్ఫోలిపిడ్లనూ విడదీసి చూపించు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో ఎరూసిక్ ఆమ్లం కొలెస్టరాల్‌తో కలిసి ఎస్టర్ అనే సమ్మేళనంగా నిలవ ఉంటుంది, గుండెలో ట్రైగ్లిజరైడ్‌గా ఉంటుంది. "కణజాలాలలో కొవ్వు" అని ఒకే మాటతో దాటేస్తే ఈ తేడా మరుగున పడుతుంది.

జంతువు మాట కూడా చెప్పాలి. మగ ఎలుకల గుండె మచ్చలకు ఎక్కువగా లోనవుతుంది. ఎరూసిక్ ఆమ్లం తక్కువున్న నూనె పెట్టినా, సోయా నూనె పెట్టినా కొన్నింటిలో మచ్చలు కనిపించాయి, మేతలో సంతృప్త కొవ్వు కలిపితే తగ్గాయి. అంటే మచ్చల నేరమంతా ఎరూసిక్ ఆమ్లం మీద వేయడానికి వీల్లేదు. కొవ్వు నిలవ విషయంలో మాత్రం దాని పాత్ర స్పష్టం. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో ఎలుకలలోనూ, అప్పుడే పుట్టిన పందిపిల్లలలోనూ కనిపించిన ఆ నిలవనే ఆధారంగా తీసుకుని, కిలో శరీర బరువుకు రోజుకు 7 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. ఆ జంతువులకు హాని కనిపించని మోతాదులో ఇది నూరో వంతు. ఎలుక నుంచి మనిషి దాకా వెళ్లేటప్పుడు శాస్త్రజ్ఞులు ఎంత ఎడం పాటిస్తారో ఈ ఒక్క అంకెతో పాఠకుడికి అర్థమవుతుంది, అందుకే దీన్ని వ్యాసంలో తప్పక చేర్చమంటున్నాను.

మూడో పేరా ఇలా మొదలుపెట్టి చూడు: "ఎరూసిక్ ఆమ్లం అధికంగా ఉన్న పాత రకం రేప్‌సీడ్ నూనెను మేతలో కలిపి పెట్టిన ఎలుకలలో, తొలి వారంలో గుండె కండరంలో ట్రైగ్లిజరైడ్లు పేరుకున్నాయి, ఆ తర్వాత తగ్గాయి." వాక్యం పొడుగైందని నువ్వు మొహమాటపడతావు. ఇందులో ఏ మాట తీసేసినా అర్థం మారుతుంది, కాబట్టి పొడుగ్గానే ఉండనీ.

తిరగరాసి పంపు. ఆ ఎలుకలు మగవో ఆడవో మూల పత్రంలో చూసి పట్టిక శీర్షికలోనే రాయి; నీ వ్యాసమంతా వెతికినా నాకు ఆ మాట ఎక్కడా దొరకలేదు.