నాలుగో చరణం వరకు దుఃఖం దాచుకో

చిరంజీవి మేనల్లుణ్ణి ఆశీర్వదించి మామయ్య వ్రాయునది.

వచ్చే నెల హైదరాబాదులో మీ మిత్రుల కచేరీలో నీవు అమెరికా గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాడిన ‘ఇట్ వాజ్ ఎ వెరీ గుడ్ ఇయర్’ పాడబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఆయన పుట్టిన హోబోకెన్ నేనుండే జెర్సీ సిటీకి పొరుగూరే కనుక గర్వపడ్డాను. నీకింకా 24 ఏళ్లే కనుక భయపడ్డాను. ఆయన ఈ పాటను 1965 ఏప్రిల్‌లో, తనకు 50 ఏళ్లు నిండబోతున్న సంవత్సరంలో రికార్డు చేశారు.

మాటలు కాగితం చూడకుండా రావాలి. శ్రుతి నీ గొంతుకు సరిపడేది పెట్టుకో, ఆయన శ్రుతికి దిగి గొణగవద్దు. ఇవి నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం నీకు తెలియదు. 1988లో ఇక్కడి తెలుగువారి సంక్రాంతి సభలో ఈ పాటే పాడాను. దీనికి పల్లవి లేదు. ఒక మనిషి తన 17, 21, 35 ఏళ్ల నాటి ప్రేమలను చరణానికొకటి చొప్పున తలచుకొని, నాలుగో చరణంలో జీవితాన్ని పాత పీపాల్లోని ద్రాక్షసారాతో పోల్చుకుంటాడు. నాకప్పుడు సరిగ్గా 35 ఏళ్లు కావడంతో మూడో చరణం నా కోసమే రాశారనుకున్నాను. మన విషాదగీతాలకు అలవాటుపడిన గొంతు కదా, మొదటి మాట దగ్గరే జీర తెచ్చుకొని, కళ్లు మూసుకొని, పాదం చివరల్లా గమకాలు వేశాను. కళ్లు తెరిచేసరికి ముందు వరుసవాళ్లు పులిహోర దగ్గర నిలబడి ఉన్నారు. అంతకన్నా ఘోరం, పీపా అంచు నుంచి అడుగు మడ్డి దాకా సారా తియ్యగా, తేటగా జారిందని చెప్పే చోట నా దమ్ము చాలక, ధార మధ్యలో గుక్క తీశాను. మైకు ఆ చప్పుడును హాలంతా వినిపించింది. పియానో వాయించిన మా ఫ్యాక్టరీ సహోద్యోగి, అరవై దాటినవాడు, వైర్లు చుట్టుకుంటూ, “పదిహేడేళ్ల కుర్రాడికి ఏడుపెందుకు?” అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి రికార్డును మళ్లీ విన్నాను. మొదటి చరణాన్ని సినాట్రా దాదాపు మాట్లాడినట్టే పాడారు. బాధ పడే పనిని గోర్డన్ జెంకిన్స్ కూర్చిన వయొలిన్లకు వదిలేశారు. ఆ సంవత్సరం చాలా మంచిదనే మాట మొదటి మూడు చరణాల్లో ఆరంభంలో వస్తుంది, నాలుగోదానిలో మాత్రం చివరకు జరుగుతుంది. పాట రాసిన ఎర్విన్ డ్రేక్ పనితనమంతా ఆ జరపడంలోనే ఉందని నా అభిప్రాయం. అంతవరకు నీవు ఏమీ ఖర్చుపెట్టకుండా ఉంటేనే ఆ మాటకు బరువు వస్తుంది. ముసలి గొంతు పెట్టవద్దు. ఇరవై నాలుగేళ్లవాడివి, పదిహేడును నాకన్నా నీవే బాగా గుర్తుపెట్టుకొని ఉంటావు.

ఇక దమ్ము సంగతి. టామీ డార్సీ వాద్యబృందంలో ఉన్న రోజుల్లో, డార్సీ ట్రాంబోను ఊదుతూ ఊపిరి తీసుకున్నట్టే తెలియనివ్వని తీరును సినాట్రా గమనించి, దమ్ము పెంచుకోవడానికి ఈతను సాధన చేశారు. నీవు మాత్రం మేడ మీద సిగరెట్లు కాలుస్తున్నావట. సినాట్రా కాల్చలేదా అని అంటావని తెలుసు. ఆ జవాబు నాకు రాయవద్దు. ఏడేళ్లప్పుడు మన ఊరి చెరువులో మునిగి, ఎంతసేపు ఉంటావో లెక్కపెట్టమని నన్ను గట్టు మీద నిలబెట్టేవాడివి. నలభై దాటితే ఒడ్డున నాకు ఊపిరి ఆడేది కాదు. నీవేమో నవ్వుతూ తేలేవాడివి.

నాలుగో చరణం ఒక్కటీ ఫోనులో రికార్డు చేసి పంపు. మళ్లీ లెక్కపెడతాను.

మీ మామయ్య