టవర్ ఎక్కే ఉద్యోగం, రేడియేషన్ భయం

ప్రశ్న: మా అబ్బాయి డిప్లొమా చదివాడు. సెల్ టవర్లెక్కి యాంటెన్నాలు బిగించే ఉద్యోగం వచ్చింది. రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందనీ, పిల్లలు పుట్టరనీ బంధువులు భయపెడుతున్నారు. వద్దనమంటారా?

జవాబు: వద్దనకండమ్మా. కానీ చేరేముందు కొన్ని విషయాలు గట్టిగా కనుక్కోమనండి. అసలు ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పైనుంచి పడిపోవడం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, పక్కకి జరిగేటప్పుడు కూడా ఒక హుక్కు తగిలించే ఉండాలి, దాని గురించి ఎవరూ టెన్షన్ పడరు, రేడియేషన్ అంటే మాత్రం ఇంటిల్లిపాదీ హడలిపోతారు.

యాంటెన్నాల నుంచి వచ్చే ఈ రేడియో తరంగాలు ఎక్స్‌రేల్లాంటివి కావు, డీఎన్‌ఏను తెంచే శక్తి వాటికి లేదు. మోతాదు మించితే ఒళ్లు లోపలినుంచి వేడెక్కుతుంది, అదీ రుజువైన హాని. కంటి లెన్సు, వృషణాలు ఆ వేడిని త్వరగా వదిలించుకోలేవు కాబట్టి పిల్లల గురించిన భయం పూర్తిగా ఉత్తిది కాదు, కానీ అది పరిమితి దాటినప్పటి మాట. క్యాన్సర్ విషయానికొస్తే, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వీటిని 'కారణం కావచ్చు' అనే 2బి వర్గంలో పెట్టింది, అంటే రుజువైందని కాదు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఒళ్లు పీల్చుకునే తరంగాల శక్తికి మొత్తం శరీరం మీద సగటున కిలో బరువుకి మామూలు జనానికి 0.08 వాట్లు, ఉద్యోగులకు 0.4 వాట్లు పరిమితి. ఆ ఐదు రెట్లు ట్రైనింగ్ ఉన్నవాళ్లకే, అందుకే ట్రైనింగ్ లేకుండా పైకి పంపే కంపెనీ అంటే నాకు కోపం.

పలకలా ఉండే ప్యానెల్ యాంటెన్నా వెనక నిలబడితే పెద్దగా ఏమీ ఉండదు, జోరంతా ముందువైపే. బోల్టు బిగించడానికి దాని ముందునుంచి, మొహానికి జానెడు దూరంలో దాటుకుంటూ పోవడమే తప్పు. రేడియేషన్ ఎక్కువైతే మోగే, ఛాతీకి పెట్టుకునే మానిటర్ ఇస్తారు, అది మోగితే ఎందుకు మోగిందా అని చూస్తూ నిలబడకుండా వెంటనే వెనక్కి జరగాలి. ఎఫ్ఎం ప్రసార టవర్లయితే ఇంకా జాగ్రత్త, ఆ ఫ్రీక్వెన్సీలను మనిషి ఒళ్లు బాగా పీల్చుకుంటుంది. గుండెలో పేస్‌మేకర్ ఉంటే ముందే డాక్టర్‌ని అడగాలి.

ఒకే టవర్ మీద నాలుగైదు కంపెనీల యాంటెన్నాలుంటాయి, తమది ఆపినా పక్కవాళ్లది నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఇంటర్వ్యూలో మీవాడు ఇది అడగాలి: "పక్క కంపెనీ యాంటెన్నా ముందు పనిపడితే దాన్ని ఎవరు ఆపిస్తారు, ఆగిందని నాకెలా తెలుస్తుంది?" ఫలానా మనిషి ఆపిస్తాడు, రాతపూర్వకంగా చెప్తాడు, నువ్వు దిగేదాకా మళ్లీ ఆన్ చెయ్యరు అంటే చేరమనండి. "ఏం కాదు, గబగబా చేసి దిగెయ్" అంటే మాత్రం ఇంకో కంపెనీ చూసుకోమనండి.