టెక్ సందేహాలు: గొడవ మొదలైందా? ముందు టైం వేసి మాట్లాడండి

ఈ వారం వచ్చిన మెయిళ్లలో మూడు దాదాపు ఒకే సంగతి మీద ఉన్నాయి. ఏదో తేడా జరిగింది, ఫోన్ ఆగకుండా మోగుతోంది, ఇప్పుడు సోషల్ మీడియాలో ఏం పెట్టాలి? మూడూ కలిపి తీసుకుంటున్నా.

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు): సార్, ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఇన్‌స్టాలో అమ్ముతాం. మా గోంగూర సీసాలో బూజు ఉందని ఒకావిడ రీల్ పెట్టారు. తెల్లారేసరికి మా పేజీ నిండా తిట్లే. కామెంట్లు డిలీట్ చేసి, ఆప్షన్ ఆఫ్ చేసెయ్యమని మా అబ్బాయి అంటున్నాడు. చెయ్యమంటారా?

వద్దండి. డిలీట్ చేసిన కామెంట్‌కి అప్పటికే ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసే ఉంటారు, ఇక బూజు సంగతి పోయి మీరు దాచిపెట్టారన్నదే పెద్ద వార్త అవుతుంది. బూతులు, కులం పేరుతో తిట్టేవి మాత్రం తీసెయ్యండి. సెట్టింగ్స్‌లో ‘హిడెన్ వర్డ్స్’ అని ఉంటుంది, అక్కడ ఆ మాటలు రాసి పెడితే అవి ఉన్న కామెంట్లు వాటంతటవే మరుగున పడతాయి. తెలుగు తిట్లు తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రెండు రకాలుగా రాయాలి, లేకపోతే సగం తప్పించుకుంటాయి. ఫిర్యాదు చేసిన కామెంట్ ఎంత ఘాటుగా ఉన్నా అలాగే ఉంచండి.

తర్వాత ఆ రీల్ కిందికే వెళ్లి మీ పేజీ పేరుతో జవాబు రాయండి, ఎందుకంటే జనం ఉన్నది అక్కడ, మీ పేజీలో కాదు. ‘చూశాం, సీసా మీద బ్యాచ్ నంబర్ చెప్పండి, ఆ బ్యాచ్ అమ్మకం ఇప్పుడే ఆపాం, డబ్బు వెనక్కి ఇస్తాం, ఈ సాయంత్రం ఆరింటికి మళ్లీ చెప్తాం’ అంటే చాలు. నిజంగా ఆపాకే ఆపామని రాయండి. ఆరింటికి చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా ఆరింటికి కనపడండి, ‘ఇంకా చూస్తున్నాం’ అనైనా సరే.

2009లో అమెరికాలో డామినోస్ ఉద్యోగులిద్దరు కిచెన్‌లో తిండితో వెకిలి పనులు చేసి వీడియో యూట్యూబ్‌లో పెట్టారు. కంపెనీ మొదట గట్టిగా పట్టించుకోలేదు, ఈలోగా లక్షలమంది చూసేశారు. చివరికి కంపెనీ అమెరికా విభాగం ప్రెసిడెంట్ ప్యాట్రిక్ డాయిల్ అదే యూట్యూబ్‌లో కూర్చుని క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. వీడియో ఎక్కడ పుట్టిందో అక్కడే జవాబు చెప్పడం బాగుంది, కానీ అప్పటికే రెండు రోజులు పోయాయి. మీకు అంత టైం లేదు. ఫోన్ కెమెరా ముందు కూర్చుని మీరే మాట్లాడండి, మేకప్ అక్కర్లేదు, వెనక మ్యూజిక్ అసలే వద్దు. స్టోరీలో ఒక్కటే పెట్టి ఊరుకోకండి, అది 24 గంటల్లో పోతుంది. పోస్టుగా పెట్టి ప్రొఫైల్ పైన పిన్ చెయ్యండి.

బూజు మీ తప్పు కాదని, మూత సరిగా పెట్టక వాళ్లింట్లోనే పట్టిందని మీకనిపించొచ్చు. ఆ మాట మొదటి రోజు అనకండి.

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ): మాది చిన్న స్కూలు. బుడమేరు వరదప్పుడు తల్లిదండ్రులకు సరిగ్గా కబురు అందించలేకపోయాం. మళ్లీ అలాంటిది వస్తే వాట్సాప్‌లో ఏ పద్ధతి మంచిది?

ఇది ఇప్పుడే అడగడం మంచి పని చేశారు. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ మీద ఆధారపడకండి, మీ నంబర్ సేవ్ చేసుకోని వాళ్లకి అది అసలు చేరదు. అడ్మిన్లు మాత్రమే రాయగలిగే గ్రూప్ పెట్టండి, 1,024 మంది దాకా పడతారు, ‘సార్ స్కూలుందా’ అనే మెసేజ్‌ల కింద మీ మాట కొట్టుకుపోదు.

ఇంకోటి మరీ ముఖ్యం. ప్రతి మెసేజ్ మొదటి లైన్లోనే తేదీ, టైం, స్కూలు పేరు రాయండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన మెసేజ్ మీద కనిపించేది ఫార్వర్డ్ చేసిన టైమే, మీరు రాసిన టైం కాదు. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ అంకె తేదీ లేకుండా తిరిగిందనుకోండి, వారం తర్వాత చదివినవాళ్లకి ఇప్పుడే అంత నీరు వస్తోందనిపిస్తుంది. అదే నెలలో బుడమేరు కట్ట మళ్లీ తెగిందని పుకారు లేస్తే అధికారులు ఖండించాల్సి వచ్చింది. నడుం లోతు నీళ్లలోంచి బయటపడినవాళ్లకి అలాంటి మెసేజ్ ఎంత టెన్షనో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ‘రేపు సెలవు’ అని రాయొద్దు, ‘సోమవారం, ఫలానా తేదీ సెలవు’ అని రాయండి. పోస్టర్ బొమ్మ కాకుండా మామూలు అక్షరాల్లో పంపండి, సిగ్నల్ ఒక్క గీత ఉన్నా వెళ్తుంది. చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపిస్తుంది కూడా.

వాట్సాప్ ఒక్కటే దిక్కనుకోకండి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టా మూడూ దాదాపు ఆరు గంటలు పడిపోతే ఆ కంపెనీ వాళ్లే ట్విట్టర్‌లోకి వచ్చి చెప్పుకున్నారు. డేటా లేనప్పుడు ఎస్సెమ్మెస్ పనికొస్తుంది. కానీ మూకుమ్మడిగా పంపాలంటే మన దేశంలో డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (టెలికాం కంపెనీల దగ్గర ముందే చేసుకునే నమోదు) ఉండాలి, పంపే పేరు, మెసేజ్ నమూనా ముందే ఆమోదం పొందాలి. నీళ్లు గుమ్మంలోకి వచ్చాక జరిగే పని కాదది. ఈ వేసవి సెలవుల్లోనే చేయించండి, ‘స్కూలు మూసివేత’, ‘పిల్లలు క్షేమం’, ‘తిరిగి తెరవడం’ అని మూడు నమూనాలు చాలు. అడ్మిన్లుగా కనీసం ఇద్దరుండాలి, ఇద్దరూ ఒకే పేటలో ఉండకూడదు.

ప్రశ్న (బీసెంట్ రోడ్, విజయవాడ): మాది బట్టల షాపు. ఊరంతా నీళ్లలో ఉన్న రోజున మా పేజీలో ‘పండగ చేస్కోండి’ అని ఆఫర్ పోస్టు పడింది. ఎవరూ పెట్టలేదంటున్నారు. హ్యాక్ అయిందా?

హ్యాక్ కాకపోవచ్చు, ఎప్పుడో షెడ్యూల్ చేసి మర్చిపోయి ఉంటారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టా పేజీలు నడుపుకునే మెటా బిజినెస్ సూట్‌లో ప్లానర్ తెరిస్తే రాబోయే పోస్టులన్నీ తేదీలవారీగా కనిపిస్తాయి, వాటిని వాయిదా వెయ్యొచ్చు, డ్రాఫ్ట్‌కి మార్చొచ్చు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. డబ్బు కట్టి బూస్ట్ చేసిన యాడ్స్ విడిగా నడుస్తుంటాయి, యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి వాటిని కూడా ఆపాలి. పేజీ యాక్సెస్ ఎవరెవరికుందో అదే చేత్తో చూడండి. పని మానేసిన కుర్రాడి పేరు ఇంకా ఉంటే తీసెయ్యండి, మిగిలిన ప్రతి ఒక్కరికీ టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే రక్షణ) ఆన్ చేయించండి.