పచ్చి కలప ఆరబెట్టడం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా పెరట్లో నాన్నగారు నాటిన వేపచెట్టును ఇంటి నిర్మాణానికి అడ్డు వస్తున్నందున అనుమతి తీసుకుని కొట్టించాము. ఆ కలపతోనే కొత్త ఇంటి ద్వారబంధాలు, తలుపులు చేయించాలని మా కోరిక. దుంగలను బెరడుతో సహా ఏడాది పాటు నీడలో పడవేసి ఆ తరువాత కోయించమని బంధువులు, వెంటనే కోయించమని వడ్రంగి మేస్త్రి అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– తణుకు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మేస్త్రి మాట వినండి. దుంగను దుంగగా ఆరనిస్తే అది పగలక తప్పదు, ఎందుకు తప్పదో కూడా చెబుతాను. పచ్చి కలపలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కొంత కణాల బోలులో వదులుగా నిలిచి ఉంటుంది, కొంత కణాల గోడల్లో పట్టుకుని ఉంటుంది. మొదట పోయేది బోలులోని నీరు. అది పోయినంత కాలం కలప బరువు తగ్గుతుందే తప్ప కొలత మారదు. తేమ దాదాపు 30 శాతానికి దిగి గోడల్లోని నీరు కదలడం మొదలైన నాటి నుంచి కలప కుంచించుకుంటుంది. ఆ కుంచించుకోవడం అన్ని వైపులా సమానంగా ఉండదు. పొడవు వెంబడి లెక్కలోకి రానంత తక్కువ. మాను నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు కొంత. చుట్టుకొలత వెంబడి దానికి ఇంచుమించు రెట్టింపు. చుట్టుకొలత అంతగా తగ్గుతూ, లోపలి అడ్డుకొలత దానికి తగినట్టు తగ్గకపోతే, దుంగ ఎక్కడో ఒకచోట నడిబొడ్డు దాకా విచ్చుకుని తీరాలి. అదే దుంగను పలకలుగా కోస్తే ఏ పలకకు ఆ పలక తన మానాన కుంచించుకునే వీలు దొరుకుతుంది. పైగా బెరడు కింద తేమ నిలిస్తే బూజు, పురుగు రెండూ చేరతాయి.

కోత మిల్లులో రెండు విషయాలు గట్టిగా చెప్పండి. మాను మధ్యలోని మెత్తని దవ్వ ఏ పలకలోనూ, ఏ ద్వారబంధపు కమ్మిలోనూ పడకూడదు. దవ్వ ఉన్న కమ్మికి దుంగకు వచ్చిన కష్టమే వస్తుంది. రెండోది, చివరికి కావలసిన కొలత కన్నా మందంలో పావు అంగుళం, వెడల్పులో అర అంగుళం ఎక్కువ పెట్టి కోయించండి. ఎనిమిది అంగుళాల పలక నాలుగు శాతం కుంచించుకుంటే మూడో వంతు అంగుళం పోతుంది, మిగిలిన వంకరలు చిత్రికకు పోతాయి.

కోసిన రోజునే పలకల రెండు కొసలకూ పూత వేయాలి. నీరు కలపకు అడ్డంగా కదిలే వేగం కన్నా పొడవు వెంబడి కదిలే వేగం పదింతలకు పైగా ఉంటుంది కనుక, మధ్య భాగం ఇంకా పచ్చిగా ఉండగానే కొసలు ఎండి అడుగు, అడుగున్నర లోపలికి బీటలు తీస్తాయి. కరిగించిన మైనం మంచిది. అది లేకపోతే మిగిలిపోయిన ఆయిల్ పెయింటును చిక్కగా రెండు పూతలు వేయండి, లేదా తారు పూయండి. పల్లెల్లో పేడ అలకడం చూస్తుంటాము. ఏమీ లేకపోవడం కన్నా అదీ మేలే, కానీ ఎండగానే పెచ్చులుగా రాలిపోతుంది.

ఇక పేర్చడం. చాలామంది కలపను ఇక్కడే పాడుచేసుకుంటారు. నేల నుంచి అడుగున్నర ఎత్తున సిమెంటు దిమ్మెలు సమమట్టంగా పెట్టి, వాటిపై బలమైన దుంగలు అడ్డంగా వేయండి. ప్రతి వరుస పలకలకూ మధ్య అంగుళం మందం గల రీపర్లను రెండడుగులకు ఒకటి చొప్పున ఉంచాలి. రీపర్లన్నీ ఒకే మందంలో, బాగా ఎండినవై ఉండాలి. పచ్చి రీపర్లు పెడితే తగిలిన చోటల్లా మచ్చ దిగుతుంది, ఆ మచ్చ చిత్రిక పట్టినా పోదు. అన్నిటికన్నా ముఖ్యం, పై వరుస రీపరు కింది వరుస రీపరుకు సూటిగా పైన ఉండాలి. ఒక్క రీపరు నాలుగు అంగుళాలు పక్కకు జరిగినా పై బరువంతా ఆధారం లేని చోట పడి ఆ పలక అక్కడే ఒంపు తిరిగి, ఒంపుతోనే ఎండిపోతుంది. చివరి రీపర్లు పలకల కొసలకు సరిగ్గా ఆనుకుని ఉండాలి. పేర్పు పైన బరువైన రాళ్లు పెట్టండి, ఆ పై రేకు గాని తాటాకు గాని చూరు బాగా బయటికి వచ్చేలా కప్పండి. ప్లాస్టిక్ పట్టా మాత్రం చుట్టవద్దు, లోపల ఉక్కపోతకు మూడు రోజుల్లో బూజు పడుతుంది.

ఆరబెట్టడంలో మొదటి నెల జాగ్రత్తే అసలు జాగ్రత్త. ఉపరితలం నుంచి నీరు పోయే వేగాన్ని లోపలి నుంచి నీరు పైకి వచ్చే వేగం అందుకోలేనప్పుడే కలప పగులుతుంది. అందుకే పచ్చి పలకలను ఎండలో నిలబెట్టి త్వరగా ఎండిపోతున్నాయని సంతోషించడం పెద్ద పొరపాటు. వేడిగాలి వీచే వైపు మొదటి వారాల్లో గోనెపట్టాలు గాని తడికెలు గాని కట్టండి, బరువు బాగా తగ్గాక తీసేయండి.

సంక్రాంతికి పేర్చిన అంగుళం పలకలు రోహిణి కార్తె నాటికి మీ ప్రాంతంలో తలుపులకు పనికి వచ్చే స్థితికి రావాలి. అంగుళానికి ఏడాది అనే లెక్క చలి దేశాలది, మన వేసవికి అది వర్తించదు. కానీ మూడు అంగుళాల ద్వారబంధపు కమ్ములకు ఏడాదికి తక్కువ పట్టదు. గుమ్మం ఎత్తే ముహూర్తం దగ్గర పడిందని పచ్చి కమ్ములను నిలబెట్టవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. ఎత్తిన తరువాత గోడ తడి, సిమెంటు తడి దానికి తోడై, ఇల్లు ఆరే వేళకు మూలలు విడిపోతాయి. ద్వారబంధాలకు ఎండిన కలప అడితిలో కొనుక్కుని, నాన్నగారి వేపను తలుపు రెక్కలకు, అలమరలకు, పూజగది పీఠానికి ఉంచుకోండి. అక్కడ అది మీ తరువాతి తరం దాకా నిలుస్తుంది.

ప్రశ్న: తలుపులు చేసేటప్పుడు మీటరు పెట్టి చూస్తే 12 శాతం తేమ చూపించింది. అయినా వానాకాలంలో తలుపు బిగుసుకుపోయింది. మీటరు తప్పా, కలప తప్పా?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: రెండు సూదులు గుచ్చే మీటరు ఆ సూదుల మధ్య విద్యుత్ నిరోధాన్ని కొలిచి దాన్ని తేమగా చూపుతుంది. సూది దిగిన మేరకే దానికి తెలుస్తుంది. పైన ఎండి లోపల పచ్చిగా ఉన్న పలక దాన్ని సులువుగా మోసం చేస్తుంది. కాబట్టి పలకను మధ్యకు కోసి, అప్పుడే తెగిన ముఖంలో గుచ్చి చూడాలి.

అనుమానం మిగిలితే తూకం ఉంది. పలక కొస నుంచి కనీసం అడుగు లోపలికి వచ్చి, వెడల్పు మొత్తం వచ్చేలా అంగుళం ముక్క కోసి వెంటనే వంటింటి ఎలక్ట్రానిక్ కాటాపై తూచండి. దాన్ని 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో ఉంచి, బరువు ఇక తగ్గడం ఆగేదాకా మధ్య మధ్య తూస్తూ ఉండండి. ముక్క మొదట 240 గ్రాములు ఉండి చివరికి 200 దగ్గర ఆగిందనుకుందాము. పోయిన నీరు 40 గ్రాములు. దాన్ని ఎండిన బరువైన 200తో భాగించాలి, పచ్చి బరువుతో కాదు. తేమ 20 శాతం. ఈ లెక్క వల్లనే కొన్ని తేలిక జాతుల పచ్చి కలపలో తేమ 100 శాతం దాటుతుంది.

ఎంత శాతం చాలు అన్నది ఊరిని బట్టి ఉంటుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలిలోని తేమ ప్రకారం నాలుగు మండలాలుగా విభజించి, ఏ మండలంలో ఏ పనికి ఎంత తేమ ఉండవచ్చో చెబుతుంది. స్థూలంగా తెలంగాణ లోపలి జిల్లాల్లో తలుపులకు 10 శాతం చుట్టుపక్కల, కోస్తా తీరంలో 12 నుంచి 15 శాతం దాకా సరిపోతుంది. మీ తలుపు 12 దగ్గర నిజంగానే ఉన్నా బిగుసుకోవడానికి మరో కారణం ఉండవచ్చు. రెక్క ముందు, వెనుక ముఖాలకు పాలిష్ పట్టి, పై అంచును, కింది అంచును వట్టిగా వదిలేయడం మన దగ్గర మామూలు. వాన గాలి ఆ అంచుల నుంచే లోపలికి వెళుతుంది. చలికాలం చివర, తలుపు వదులైనప్పుడు, రెక్కను దించి ఆ రెండు అంచులకూ పాలిష్ పట్టించండి. పక్కల్లో రూపాయి బిళ్ల మందం సందు ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

ప్రశ్న: ఆవిరి గదిలో ఆరబెట్టిన కలప బలం తగ్గుతుందంటారు, నిజమేనా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: పద్ధతి ప్రకారం చేస్తే తగ్గదు. ఆవిరి గదిలో మొదట వేడి తక్కువగా, గాలిలో తేమ ఎక్కువగా ఉంచి, కలప ఆరే కొద్దీ వేడి పెంచుతూ తేమ తగ్గిస్తారు. ఆ వరుస తప్పించి తొందరపడితే లోపల చీలికలు వస్తాయి. ఈ పద్ధతిలో అదనపు లాభం పురుగు చావడం. ఎగుమతి పెట్టెల కలపను నడిభాగం దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచాలన్న అంతర్జాతీయ నియమం అందుకోసమే పుట్టింది. చిన్న అడితిదారులకు డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ రూపొందించిన సౌర గది కూడా మంచి మార్గం.

ప్రశ్న: రాజమండ్రిలో చేయించిన టేకు భోజనాల బల్లను ఇక్కడికి తెప్పించుకున్నాము. మొదటి శీతాకాలంలోనే పై పలక రెండుగా చీలింది. టేకులో కల్తీ జరిగిందా?
– అమెరికాలోని షికాగో నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: కల్తీ జరిగిందనుకోనక్కర లేదు. గోదావరి గాలిలో 13 శాతం దగ్గర స్థిరపడిన కలప, హీటర్లు నడిచే మీ ఇంట్లో 6 శాతం దాకా దిగుతుంది. టేకు కుంచించుకునేది తక్కువే, అయినా మూడు, మూడున్నర అడుగుల వెడల్పులో ఆ తేడా కంటికి కనబడుతుంది. పై పలకను కింది చట్రానికి మరలతో కదలకుండా బిగించి ఉంటారు, లోపలికి రావలసిన పలకకు దారి లేక చీలింది. శీతాకాలం చివర చీలికను అతికించి, మర తూట్లను పలక వెడల్పు దిశలో పొడవాటి గాడులుగా మార్పించండి. మళ్లీ ఎప్పుడైనా చేయిస్తే, బల్ల ఎక్కడ ఉండబోతోందో కలప ఎంచుకునే ముందే చెప్పండి.

ప్రశ్న: తరిమెన (లేత్) యంత్రంపై గిన్నెలు, డబ్బాలు తిప్పడం నేర్చుకుంటున్నాను. ఎంత మంచి కర్ర తెచ్చినా గిన్నె పూర్తయ్యాక పగులుతోంది. ఏటికొప్పాక వారికి ఎలా సాధ్యమవుతోంది?
– విశాఖపట్నం నుంచి ఒక విద్యార్థిని

సమాధానం: ఏటికొప్పాక పనివారు వాడే అంకుడు కర్ర సన్నని నారతో, సమంగా ఆరే గుణం గలది. సన్నని కొమ్మలు గనుక నీరు బయటికి రావలసిన దూరం కూడా తక్కువ. వాటిని ముందే ఆరబెట్టి ఆ తరువాతే యంత్రానికి ఎక్కిస్తారు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రకు వేడి చూపి తేమ లాగిస్తారు. జాతి స్వభావానికి తగిన ఆరబెట్టే తీరు ఆ ఊళ్లలో తరాలుగా కుదిరింది, ఆ తీరును వేరే కర్రకు యథాతథంగా పెట్టలేము.

మీరు పెద్ద గిన్నెలు చేయదలిస్తే పచ్చిగా ఉండగానే ఒకసారి మొరటుగా తిప్పండి. దవ్వను వదిలేసి, అంచు మందం గిన్నె అడ్డుకొలతలో పదో వంతు ఉండేలా ఆపండి. దాన్ని దాని పొట్టుతోనే కాగితపు సంచిలో పెట్టి నీడలో ఉంచి, వారానికి ఒకసారి తూస్తూ ఉండండి. బరువు నిలిచాక చూస్తే గిన్నె గుండ్రంగా కాక కోలగా ఉంటుంది, అందుకే ఆ మందం. అప్పుడు రెండోసారి తిప్పి నునుపు చేయండి. బొబ్బిలి వీణ కుండను ఏకాండి పనసదుంగలో తొలిచినప్పుడు కూడా, మధ్య భాగం తొలగిపోవడం వల్ల కలప లోపలికి కదిలే చోటు ఏర్పడుతుంది.

ప్రశ్న: మామిడి పలకలతో మంచం చేయించాము. ఆరు నెలలకే కింద తెల్లని పిండి రాలుతోంది. సరిగా ఆరలేదా?
– ఏలూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ఆరకపోవడం ఒక్కటే కాదు, ఆరిన కలపను కూడా తినే పురుగు ఇది. దానికి కావలసింది కలపలోని పిండి పదార్థం. చేవ ఏర్పడని తెల్ల కట్టెలో అది నిండుగా ఉంటుంది, మామిడి దాదాపు అంతా అదే. వెనుకటి వారు దుంగలను, వెదురును వారాల తరబడి చెరువులో నాననిచ్చింది ఆ పిండి పోవడానికే. ఆరబెట్టే ముందు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో పచ్చి పలకలను ముంచడం నేటి మార్గం.

మీ మంచానికి ఇప్పుడు చేయగలిగింది, రాలిన పిండి తుడిచి, రంధ్రాల్లోకి సిరంజితో చెదల మందు ఎక్కించి, మైనంతో మూసి, కింది వైపు పాలిష్ పట్టించడం. పిల్లలు పడుకునే మంచమైతే మందు వాసన పూర్తిగా పోయేదాకా వాడవద్దు. నెల తరువాత కింద నల్లని కాగితం పరిచి ఉంచండి. కొత్తగా పిండి రాలితే ఆ పలకను మార్పించడమే మంచిది.