మాస్టారిని అడగండి: టీసీ లేకపోతే బడిలో చేర్చుకోరా?

ప్రశ్న: మాస్టారూ, మాది కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున చిన్న పల్లె. నాలుగేళ్లుగా నేనూ మా ఆయనా హైదరాబాదులో ఇళ్ల కట్టుబడి పనుల్లో ఉన్నాం. పాప అక్కడ ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి చదువుతోంది. మా మామగారికి పక్షవాతం రావడంతో దీపావళికి ముందే ఊరికి వచ్చేశాం. ఇక్కడి బడికి తీసుకెళ్తే టీసీ, అంటే పాత బడి ఇచ్చే బదిలీ పత్రం, తెమ్మన్నారు. పుట్టిన తేదీ కాగితం మా దగ్గర లేదు. పాపకు ఒడియా రాదు కాబట్టి రెండో తరగతిలో కూర్చోబెడతామని కూడా అన్నారు. విసుగొచ్చి టౌనులో ఒక ప్రైవేటు బడికి వెళ్తే పాపకు పరీక్ష పెట్టారు, ఆపైన పదిహేను వేలు డొనేషను అడిగారు. బాబుకు వచ్చే ఏడు ఆరేళ్లు నిండుతాయి. వాడి విషయం కూడా చెప్పండి.
– ఒక తల్లి, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాకు సంక్రాంతి వెళ్లాక అందింది. అంటే పాప బడి మానేసి మూడు నెలలు కావస్తోంది. అందుకే మిగతావన్నీ తర్వాత, ముందు ఇది. ఈ జవాబు చదివిన మర్నాడే పాపను తీసుకుని మీ ఊరి ప్రభుత్వ బడికి వెళ్లండి. టీసీ కోసం పని మానుకుని, చార్జీలు పెట్టుకుని హైదరాబాదు బస్సు ఎక్కకండి.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో అయిదో సెక్షను ఈ సంగతి తేల్చి చెప్పింది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వచ్చిన పిల్లలకూ ప్రభుత్వ బడులకు, ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ బడులకు మారే హక్కు ఉంది. టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు, వాయిదా కూడా వేయకూడదు. పాత బడి ప్రధానోపాధ్యాయుడు అడిగిన వెంటనే టీసీ ఇవ్వాలి. తాత్సారం చేస్తే ఆయన మీదే క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. కాబట్టి టీసీ తెప్పించుకోవడం మీరు తీరిగ్గా చేయవలసిన పని, పాపను చేర్చుకోవడం వారు ఇప్పుడే చేయవలసిన పని. మీతో పనిచేసినవారు ఇంకా హైదరాబాదులో ఉంటే ఒక దరఖాస్తు వాట్సాప్‌లో పంపి, ఆ బడిలో ఇప్పించండి. సరిపోతుంది.

ఈ టీసీ మాట వస్తే నాకు మనసు నిలవదు. చట్టం రాకముందు, తొంభైల్లో, టీసీ లేదని నేనే ఒక పిల్లను వెనక్కి పంపాను. అప్పట్లో మాకు ఇచ్చిన ఉత్తర్వు అదే. రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు, పలక పట్టే కొలతకు కుట్టిన గోనె సంచి. వాళ్ల నాన్న ఇటుక బట్టీల పని నుంచి తిరిగి వచ్చిన మనిషి. టీసీ తెచ్చుకో అమ్మా, చేర్చుకుంటాను అన్నాను. రెండేళ్ల తర్వాత సంతలో చింతపండు కుప్పల ముందు కూర్చుని కనిపించింది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడి, ‘టీసీ ఇంకా రాలేదు మాస్టారూ’ అంది.

చట్టం వచ్చాక నేను పదవీ విరమణ చేసేదాకా ఒక్కటే పద్ధతి పాటించాను. రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, చేరిన తేదీ సిరాతో రాసేవాణ్ని. టీసీ నంబరు గడిలో మాత్రం పెన్సిలుతో ‘రావలసి ఉంది’ అని రాసి ఉంచేవాణ్ని. కొందరి టీసీలు ఏడాదికి వచ్చాయి. ఆ లోపల పిల్లలు పై తరగతికి వెళ్లిపోయారు.

వయసు సంగతి. జనన ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడం కూడా కుదరదు, పద్నాలుగో సెక్షను చూపించండి. కాన్పు జరిగిన ఆసుపత్రి రిజిస్టరు గాని, ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎమ్) రిజిస్టరు గాని, అంగన్‌వాడీ పుస్తకం గాని చూపవచ్చు. అవీ లేకపోతే తల్లిదండ్రులు రాసిచ్చిన వయసు ధ్రువీకరణ చాలు. ఆధార్ లేదని పిల్లల ప్రవేశం ఆపకూడదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కానీ జనన ధ్రువపత్రం ఆ తర్వాతైనా తీసుకోండి. అది లేకపోతే పదో తరగతి దగ్గర పని అడ్డం తిరుగుతుంది.

రెండో తరగతిలో వేస్తామన్నది నాకు బాధ కలిగించింది. బడి ముఖమే చూడని పిల్లలను కూడా వయసుకు తగిన తరగతిలో చేర్చి, మూడు నెలలకు తగ్గకుండా, అవసరమైతే రెండేళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టం చెబుతుంటే, నాలుగో తరగతి దాకా చదివిన పాపను రెండుకు దించడం ఏ లెక్క? ఒడియా రాకపోవడం చదువు రాకపోవడం కాదు. లెక్కలు ఆమెకు ఏ భాషలోనైనా వచ్చు. నాలుగో తరగతిలోనే కూర్చోబెట్టమనండి. ఇంటి దగ్గర రోజూ పాల ప్యాకెట్టు మీద, బస్సు బోర్డు మీద ఉన్న ఒడియా అక్షరాలు చదివించండి. గుండ్రని తలకట్లు పిల్లలకు తొందరగానే అలవాటవుతాయి. నా దగ్గర చదివినవాళ్లు వేసవి సెలవుల లోపలే కూడబలుక్కుని చదివేవారు.

ఇంకొక జాగ్రత్త. పేరు రాసేటప్పుడు పక్కనే నిలబడి చూసుకోండి. ఒడియాలో మన ‘వ’ను చాలాచోట్ల ‘బ’గా పలుకుతారు, అలాగే రాస్తారు. నా విద్యార్థిని ఒకమ్మాయి పేరు వాణి. పై బడి రిజిస్టరులో బాణి అయింది, ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ‘బి’ అక్షరంతో మొదలైంది. ఇంటిపేరు మనం ముందు రాస్తాం, వారు చివర రాస్తారు. ఆ తికమకలో తండ్రి పేరే ఆ పిల్లకు ఇంటిపేరైపోయింది. కుల ధ్రువపత్రంలో ఒకటి, మార్కుల జాబితాలో ఇంకొకటి. స్కాలర్‌షిప్పు ఆగింది. అన్నీ సరిచేయించడానికి వాళ్ల నాన్న భువనేశ్వర్ దాకా తిరిగాడు. ఆధార్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉందో ఒక చీటీ మీద రాసి తీసుకెళ్లండి, అలాగే ఎక్కించమనండి.

ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ బడిలో ఏ రుసుమూ లేదు. అభివృద్ధి నిధి అనీ పరీక్ష రుసుము అనీ ఎవరైనా అడిగితే కట్టనక్కర లేదు. ఇంత చెప్పినా చేర్చుకోకపోతే రెండు కాగితాల మీద ఒకే దరఖాస్తు రాసి బ్లాకు విద్యాధికారి కార్యాలయంలో ఒకటి ఇవ్వండి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటి మాటకు జవాబు ఉండదు, ముద్ర పడిన కాగితానికి ఉంటుంది. లిఖితపూర్వక ఫిర్యాదు మీద స్థానిక సంస్థ మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషనుకు వెళ్లవచ్చు. మీ విషయంలో అంతదూరం పోదని నా నమ్మకం.

ప్రైవేటు బడి చేసినవి రెండూ నేరాలే. పదమూడో సెక్షను ప్రకారం ప్రవేశానికి పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టకూడదు. మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. ముందుగా ప్రకటించిన ఫీజు కాక వసూలు చేసే ఏ సొమ్మయినా, డొనేషను అన్నా విరాళం అన్నా, నిషేధమే. దానికి పది రెట్ల వరకు జరిమానా ఉంటుంది. మీ పదిహేను వేలకు లక్షన్నర. రసీదు ఇవ్వని డబ్బు ఎంత చిన్నదైనా ఇవ్వకండి.

బాబుకు వేరే దారి ఉంది. ఎయిడ్ లేని ప్రైవేటు బడులు ఒకటో తరగతి సీట్లలో 25 శాతం బలహీన వర్గాల, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఫీజు ప్రభుత్వం బడికి చెల్లిస్తుంది. ఒడిశాలో దీనికి పారదర్శి అనే పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి, లాటరీ తీస్తారు. ఇది చేరే తొలి తరగతికే కాబట్టి పాపకు వర్తించదు. మైనారిటీ సంస్థల బడులకు 2014లో సుప్రీంకోర్టు ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. మన జిల్లాలో మిషనరీ బడులు చాలా ఉన్నాయి కనుక దరఖాస్తు పెట్టే ముందు అది తెలుసుకోండి. ఆదాయ, నివాస పత్రాలు ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోండి.

ప్రశ్న: మా ఇల్లు పర్లాకిమిడి పక్క పల్లెలో. మా అబ్బాయి మహేంద్రతనయ దాటి పాతపట్నం వైపు తెలుగు బడిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. నవోదయలో, అంటే కేంద్ర ప్రభుత్వ వసతి బడిలో, ఆరో తరగతి ప్రవేశానికి అయిదో తరగతిలో పెట్టే పరీక్ష రాయించాలని ఉంది. ఏ జిల్లాకు పెట్టాలి? ఖర్చెంత అవుతుంది?
– ఒక తండ్రి

జవాబు: బాబూ, ఇప్పుడున్నట్టే ఉంటే రెండు జిల్లాల్లో ఎక్కడా కుదరదు. పిల్లవాడి నివాసం, అయిదో తరగతి చదివే బడి రెండూ ఒకే జిల్లాలో ఉండాలి, ఆ జిల్లా నవోదయకే దరఖాస్తు చేయాలి. మీకు ఇల్లు గజపతిలో, బడి శ్రీకాకుళంలో. ఏటి ఒడ్డున ఉన్న మన పిల్లలు చాలామంది ఈ ఒక్క నిబంధన దగ్గరే పోతున్నారు. దరఖాస్తు నింపే రోజు దాకా ఎవరూ చెప్పరు.

అయిదో తరగతి ఏడాదంతా ఆ జిల్లాలోనే చదవాలి కాబట్టి ఇప్పుడే తేల్చుకోండి. ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి, ఆంధ్రలో జూన్‌లో. జూన్ దాకా ఆగకుండా ఏప్రిల్‌లోనే మీ ఊరి బడిలో చేర్చండి. టీసీ సంగతి పైన ఆ అమ్మకు చెప్పిందే.

చేర్చేది పల్లె బడిలోనే. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో ఒక్క రోజు పట్టణంలోని బడిలో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్కిస్తారు. మునిసిపాలిటీ బడి బాగుందని ఎవరో చెబితే మొగ్గకండి. ఇప్పటి బడి కూడా పల్లె కిందికే వస్తుందో లేదో కనుక్కోండి.

పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. ఇందులో సగం బుద్ధికుశలతకు, మిగతా సగం లెక్కలకూ భాషకూ. ఒక్కసారే రాయనిస్తారు. దరఖాస్తుకు రుసుము లేదు. సీటు వస్తే తిండి, వసతి, పుస్తకాలు, దుస్తులు ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి వికాస నిధి అనే రుసుము నెలకు 600 రూపాయలు ఉంటుంది. ప్రభుత్వోద్యోగుల పిల్లలకు అది 1,500. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు, దారిద్య్రరేఖకు దిగువనున్న వారికి అదీ లేదు. కోచింగు పేరుతో పదేళ్ల పిల్లవాణ్ని హాస్టల్లో వేయకండి. రోజుకో గంట మీరే కూర్చుని లెక్కలు చేయించండి.

ప్రశ్న: మా ఊరి బడిలో తెలుగు చెప్పే మాస్టారు పదవీ విరమణ చేశారు. ఆయన చోట ఎవరినీ వేయలేదు. తెలుగులో చదువు అడిగే హక్కు మాకు ఉందా?
– రాయగడ జిల్లా నుంచి ఒకరు

జవాబు: ఉంది. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతుంది. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షను చెబుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవర గిరిజనుల పిల్లలకు సవరలోనే పాఠం చెప్పాలని ఆ భాష నేర్చుకుని, బడులు పెట్టించారు. ఆ నేల మీద నిలబడి మనం మన పిల్లలకు అడుగుతున్నది అంతకంటే ఎక్కువేమీ కాదు.

బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. వచ్చే సమావేశంలో తీర్మానం పెట్టించండి. తెలుగు ఇంటి భాషగా ఉన్న పిల్లలు ఏ తరగతిలో ఎందరో పేర్లతో రాసి, తల్లుల సంతకాలు కూడా పెట్టించండి. సంతకం రానివారు వేలిముద్ర వేసినా ఫరవాలేదు. ఒడియా పాఠం వద్దని మాత్రం ఎక్కడా రాయవద్దు, అది కూడా మన పిల్లలకు కావాలి. తీర్మానం నకలు ఒకటి నాకు పంపితే, జిల్లా విద్యాధికారికి ఇవ్వవలసిన దరఖాస్తు ఒడియాలో నేను రాసి పంపుతాను.