మూడో బేస్ మీద మిగిలిపోయినవాడు

అమ్మా,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, ఒకసారి కాఫీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. "మాస్టారూ, మొహమాటపడకుండా చెప్పండి" అని రాశావు. నాకు మొహమాటం తక్కువని మీ ఇంట్లో ఎవరో చెప్పే ఉంటారు.

ముందు మంచి మాట. 1988 బాల్టిమోర్ ఓరియోల్స్ అనే అమెరికా బేస్‌బాల్ జట్టు గురించి తెలుగులో రాద్దామనుకోవడమే నాకు నచ్చింది. వరుసగా 21 మ్యాచ్‌లు ఓడిపోయి సీజన్ మొదలుపెట్టిన జట్టు గురించి, ఆ ఏడాదికి పుట్టనైనా పుట్టని పిల్ల మేరీలాండ్‌లో కూర్చుని రాయడం చిన్న విషయం కాదు. తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏప్రిల్ 4న సొంత మైదానంలో మిల్వాకీ చేతిలో 12-0 ఓటమి. ఆరు మ్యాచ్‌లకే మేనేజర్ (జట్టును నడిపే కోచ్) కాల్ రిప్కెన్ సీనియర్‌ను పంపించేయడం. ఫ్రాంక్ రాబిన్సన్ రావడం, ఆయన కింద మరో పదిహేను ఓడటం. చివరికి 29న షికాగోలో 9-0 గెలుపు. ఒక్కటీ తప్పలేదు.

నా పేచీ ఆ తేదీల మధ్య నువ్వు పోసిన మసాలాతో. "జట్టులో ఆకలి చచ్చిపోయింది" అన్నావు. "బ్యాట్లు నిద్రపోయాయి" అన్నావు. "కీలక సమయంలో గుండె జారిపోయింది" అన్నావు. మొదటి రెండూ ఇంగ్లీషు కామెంటేటర్ల నోటి మాటలు. వాటికి తెలుగు చొక్కా తొడిగి పంపించావు. తెలుగులో ఆకలంటే అన్నం ఆకలే. ఏటా లక్షల డాలర్ల జీతం తీసుకునే ఆటగాడికి ఆకలి లేదంటే మీ అమ్మమ్మ "అజీర్తేమో, కాస్త జీలకర్ర నీళ్లు తాగమను" అంటుంది. మూడోది మన మాటే, కానీ అది ఇంకా ప్రమాదం. జట్టులో అంతమంది గుండెలు ఒకే నెలలో జారిపోయాయని నీకెలా తెలుసు?

ఇంకో సంగతి. గెలిచేదాకా మైకు వదలనని పట్టుపట్టిన రేడియో మనిషి బాబ్ రివర్స్‌కు ఒక పేరా ఇచ్చావు. అధ్యక్షుడు రీగన్ రాబిన్సన్‌కు ఫోన్ చేసిన సంగతికి ఇంకో పేరా. బాగున్నాయి, ఉంచు. కానీ పదకొండు పేజీల వ్యాసంలో ఒక్క బ్యాటర్ కూడా బ్యాట్ పట్టుకుని నిలబడలేదు! పరుగులు రాలేదన్నదే కదా నీ విషయం. పరుగు ఎలా వస్తుందో, ఎందుకు రాదో ఎక్కడ చెప్పావు?

నీ పాఠకులు క్రికెట్ మనుషులు. వాళ్లకు ఒక్క తేడా ముందే చెప్పేస్తే సగం పని అయిపోతుంది. క్రికెట్‌లో నలభై కొట్టి ఔటైనవాడి నలభై స్కోరు బోర్డు మీద ఉండిపోతుంది. బేస్‌బాల్‌లో అలా ఉండదు. మూడు బేసులూ చుట్టి మళ్లీ బ్యాట్ పట్టిన చోటికి, అంటే ఇంటికి, చేరితేనే పరుగు. ఒకడు బ్రహ్మాండమైన డబుల్ కొట్టి రెండో బేస్ మీద నిలబడ్డాడు, తర్వాతి ముగ్గురూ ఔటై ఇన్నింగ్స్ ముగిసిందనుకో, వాడి దెబ్బకు ఒక్క పరుగు కూడా రాదు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని నడుచుకుంటూ వచ్చేస్తాడు. వాణ్ని ఇంటికి తీసుకురావాల్సింది ఇంకొకడు. మన ఇళ్లల్లో "అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని" అంటారు చూడు, మూడు బేసులూ నిండి ఉండగా ఇన్నింగ్స్ ముగిసిపోతే అచ్చం అదే.

అలా మిగిలిపోయిన రన్నర్ల లెక్క పెద్దగా ఉంటే అది చేతకాని జట్టని నువ్వు అనుకున్నావు. అందరూ అలాగే అనుకుంటారు. నిజానికి బాగా ఆడే జట్ల దగ్గర కూడా ఆ లెక్క పెద్దగానే ఉంటుంది, ఎందుకంటే వాళ్లు బేసుల మీదికి ఎక్కువగా చేరుతారు. బండి ఎక్కినవాళ్లు ఎక్కువైతే దారిలో దిగిపోయేవాళ్లూ ఎక్కువే. అసలు దిగులు పడాల్సింది బేసులు ఖాళీగా ఉన్నప్పుడు.

ఇక్కడే నీకు ఎడ్డీ మరే కావాలి. నీ వ్యాసంలో ఆయన పేరు ఒక్కసారే వచ్చింది, అదీ జాబితాలో. ఆయన కెరీర్ ముగిసేసరికి 1,917 పరుగులు ఇంటికి చేర్చాడు. బేసులు నిండి ఉన్నప్పుడు కొట్టే హోమర్లు (బంతిని కంచె దాటించే దెబ్బలు), గ్రాండ్ స్లామ్‌లంటారు కదా, అవి 19. ఆ ఏప్రిల్‌లో ఆయన ఆ జట్టులోనే ఉన్నాడు. 1983లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన కాల్ రిప్కెన్ జూనియర్ కూడా అక్కడే ఉన్నాడు. కీలక సమయంలో గుండె నిబ్బరం అనేదొకటి ఉంటే, మరే దగ్గర ఉన్నంత ఇంకెవరి దగ్గర ఉంటుంది? అయినా ఆ 21 మ్యాచ్‌ల్లో ఓరియోల్స్ చేసినవి 44 పరుగులు, మ్యాచ్‌కు రెండు చొప్పున. దీనికి జవాబు మరే గుండెలో వెతికితే దొరకదు. ఆయన వంతు వచ్చేసరికి బేసుల మీద ఎవరున్నారు, ఆయన వెనక ఎవరు బ్యాట్ పట్టుకుంటారు, ఆ వెనకవాడంటే బంతి వేసే అవతలి పిచ్చర్‌కు భయం ఉందా లేదా అని చూడాలి. భయం లేకపోతే మరేకి నాలుగు చెడ్డ బంతులేసి వాక్ (మొదటి బేస్‌కు ఊరికే నడిచిపోయే అవకాశం) ఇచ్చేసినా పిచ్చర్‌కు నష్టం లేదు.

ఒక పరిస్థితి తీసుకుని నెమ్మదిగా రాసి చూడు. మూడో బేస్ మీద రన్నర్, ఒకడు ఔట్. ఇక్కడ బ్యాటర్ హిట్ కొట్టక్కర్లేదు. అవుట్‌ఫీల్డ్ లోపలికంటా గాల్లోకి ఒక బంతి లేపితే చాలు, అది పట్టుకునేలోపు రన్నర్ కాచుకుని ఉంటాడు, పట్టగానే ఇంటికి పరుగెత్తుతాడు. బ్యాటర్ ఔటవుతాడు కానీ పరుగు ఆయన ఖాతాలో పడుతుంది. ఔటయ్యాడు కదా అని ఆయన బ్యాటింగ్ సగటుకు నష్టం కూడా రాయరు. ఇంత దయగల రూలు ఆటలో ఇంకోటి లేదు.

మరి ఎందుకు కుదరదు? అవతలివాడికీ ఇదంతా తెలుసు కాబట్టి. పిచ్చర్ బంతిని మోకాళ్ల దగ్గర, ఇంకా కిందికి జారేలా వేస్తాడు. దాన్ని కొడితే నేల మీద దొర్లుతుంది. ఇన్‌ఫీల్డర్లు నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడతారు, దొర్లిన బంతి నేరుగా వాళ్ల చేతుల్లోకి. వదిలేస్తే అది బాల్, అంటే చెడ్డ బంతి కింద లెక్క. రెండు మూడు బాల్స్ వదిలేసే ఓపిక ఉంటే పిచ్చర్ పైకి వేయక తప్పదు. కానీ పది మ్యాచ్‌లు వరుసగా ఓడిన జట్టు బ్యాటర్ ఆ ఓపిక ఎక్కడి నుంచి తెస్తాడు? "నేనే తెచ్చేస్తాను ఈ పరుగు" అని మొదటి బంతికే, తనది కాని బంతికి, బ్యాట్ ఊపేస్తాడు. దీన్ని ఆకలి లేకపోవడమంటావా? నాకైతే ఆత్రం ఎక్కువవడంలా కనిపిస్తుంది. నువ్వు రాసినదానికి సరిగ్గా తలకిందులు. పైగా ఏప్రిల్ చలి. చల్లటి గాలిలో బంతి వేసవిలో పోయినంత దూరం పోదు. జులైలో కంచె దాకా వెళ్లేది ఏప్రిల్‌లో కాస్త ముందే చేతికి చిక్కుతుంది. చలి ఇద్దరికీ ఒకటే అనుకో, కానీ అదృష్టం బాగాలేనివాడికి అదొక అదనపు కర్ర.

అదృష్టం అన్నాను కదా, దానికి కాస్త లెక్క కూడా నేర్చుకో. ఒక జట్టుకు మొదటి నెలలో రెండో, మూడో బేస్ మీద రన్నర్లు ఉండగా 200 సార్లు బ్యాట్ పట్టే అవకాశం వచ్చిందనుకుందాం. 52 హిట్లు కొడితే సగటు .260, పేపర్లో ఎవరూ ఏమీ రాయరు. 44 కొడితే .220, "కీలక సమయంలో చేతులెత్తేసిన జట్టు" అని హెడ్డింగ్. మధ్యలో ఉన్నది ఎనిమిది హిట్లు. నెల మొత్తానికి ఎనిమిది! షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ చేతికి చిక్కిన బంతి బెత్తెడు పక్కగా పోతే అది హిట్టే. 1977లో డిక్ క్రేమర్ అనే ఆయన ఈ కీలక సమయపు మొనగాళ్ల సంగతి తేల్చుదామని 1969, 1970 సీజన్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక ఏడాది మొనగాళ్లుగా కనిపించినవాళ్లు రెండో ఏడాది అలాగే కొనసాగలేదు. ఆ తర్వాత దాని మీద చాలా వాదోపవాదాలు జరిగాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి. నువ్వు ఏ పక్షమైనా తీసుకో, కానీ వాదం ఉందని తెలుసుకుని తీసుకో.

ఇంత ధైర్యంగా చెబుతున్నానంటే నేను ఆ తప్పు చేసి ఉన్నాను కనక.

1988 ఏప్రిల్‌లో నేను బాల్టిమోర్‌లోనే ఉన్నాను, ముగ్గురు కుర్రాళ్లం ఒక అపార్ట్‌మెంట్‌లో. అప్పటికి బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది ఆవగింజంత. కానీ ఊరంతా అదే మాట, రేడియోలో అదే మాట. ఇండియాలో ఒక వారపత్రికకు అమెరికా కబుర్లు రాసేవాణ్ని. ఇంత మంచి కథ చేతికి దొరికితే ఊరుకుంటానా! కాల్ రిప్కెన్ సీనియర్ మేనేజర్, ఆయన ఇద్దరు కొడుకులు, కాల్, బిల్లీ అదే జట్టులో. కొడుకుల కళ్ల ముందు తండ్రి ఉద్యోగం పోయింది. "గుండె పగిలిన కొడుకుల చేతుల్లో బ్యాట్లు బరువెక్కాయి, అందుకే పరుగులు రాలేదు" అని నాలుగు పేజీలు రాశాను. సంపాదకుడు మెచ్చుకున్నాడు. పాఠకులు ఏడ్చామని ఉత్తరాలు రాశారు.

ఏడాది తర్వాత ఒక రూమ్మేట్ ఆ పత్రిక తిరగేస్తూ అడిగాడు, "ఒరేయ్, మొదటి ఆరు మ్యాచ్‌లు తండ్రి ఉండగానే కదరా ఓడారు? 12-0 కూడా ఆయన ఉన్నప్పటిదే కదా? మరి అప్పుడెందుకు బరువెక్కాయి?" నా దగ్గర జవాబు లేదు. ఇంకా సిగ్గు చేటు ఏమిటంటే, ఆ 21 మ్యాచ్‌ల్లో అవతలివాళ్లు చేసిన పరుగులు 129 అని నాకు తెలుసు. రాయలేదు. రాస్తే కథ పాడవుతుంది. మ్యాచ్‌కు ఆరు పరుగులు ఇచ్చుకునే జట్టు, లీగ్‌లో అందరిలా నాలుగు పైచిలుకు చేసినా చాలా మ్యాచ్‌లు ఓడిపోయేదే. నీ వ్యాసంలో కూడా 129 లేదు. ఎందుకు వదిలేశావో నువ్వే ఆలోచించుకో, నేను అడగను.

అలాగని అంతా అదృష్టమే అని రాసెయ్యకు. అదీ బద్ధకమే, కాస్త చదువుకున్నవాడి బద్ధకం. ఆ 21 పక్కన పెట్టినా ఓరియోల్స్ మిగతా సీజన్‌లో 54 గెలిచి 86 ఓడారు. అంటే నిజంగానే బలహీనమైన జట్టు. కాకపోతే 0-21 అంత బలహీనం ఏ జట్టూ ఉండదు. చేతకానితనం ఎంత, దురదృష్టం ఎంత, ఆ రెండిటి మధ్య గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవడానికి నువ్వు పడే అవస్థ పాఠకుడికి కనపడాలి. ఆ అవస్థే వ్యాసానికి రుచి. 1989 గురించి నువ్వు ఒక్క వాక్యం కూడా రాయకపోవడం నాకు ఆశ్చర్యం. మరేని డాడ్జర్స్ జట్టుకు ఇచ్చేశారు, ఊరూ పేరూ లేని కుర్రాళ్లతో దిగారు, 87 గెలిచారు. చివరి వారాంతం దాకా టొరంటోతో పోటీపడి రెండు మ్యాచ్‌ల తేడాతో వెనకబడ్డారు. ఆ ఏడాది ఊళ్లో అందరి నోటా "వై నాట్?" అన్న మాటే. నా నాలుగు పేజీల ఏడుపు చదివినవాళ్లు దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

భాష గురించి కాస్త. బ్యాటర్ దెబ్బకు వచ్చిన పరుగుల లెక్కకు వాడే ఆర్‌బీఐ అన్న మాటను "పరుగు చోదకం" అని తర్జుమా చేశావు. నిఘంటువు మెచ్చుకుంటుందేమో, మనుషులు మెచ్చరు. ఆర్‌బీఐ అనే ఉంచేద్దామంటే మనవాళ్లకు రిజర్వ్ బ్యాంకు గుర్తొస్తుంది, మరే 1,917 వడ్డీ రేట్లు మార్చాడా అనుకుంటారు. నేనైతే మొదటిసారి "ఇంటికి చేర్చిన పరుగులు" అని రాస్తాను. బేస్‌బాల్‌లో పరుగు పూర్తయ్యే చోటును హోమ్ అంటారు కదా, మనకు కలిసొచ్చింది. "మరే ఇద్దర్ని ఇంటికి చేర్చాడు" అంటే మీ అమ్మమ్మకు కూడా అర్థమవుతుంది. పిచ్చర్, బ్యాటర్, బేస్, హోమర్ ఇవన్నీ అలాగే ఉంచు. పిచ్చర్‌ను "క్షేపకుడు" అని ఒకచోట రాశావు, కొట్టేశాను.

ఈసారి రాసేముందు ఒక పని చెయ్యి. ఓరియోల్స్ మైదానం కామ్డెన్ యార్డ్స్‌కు వెళ్లి ఒక మ్యాచ్ చూడు, ఫోన్ బ్యాగులో పెట్టేసి, స్కోరు కార్డు పెన్సిల్‌తో రాస్తూ. బ్యాట్ పట్టుకున్నవాణ్ని కాకుండా ఒక ఇన్నింగ్స్ అంతా బేస్ మీద నిలబడ్డ రన్నర్‌నే చూడు. బంతి బంతికీ రెండడుగులు ముందుకొస్తాడు, వెనక్కి వెళ్తాడు, మళ్లీ వస్తాడు. మూడో ఔట్ అయినప్పుడు ఎలా నడుస్తాడో చూడు. నీ వ్యాసం మొదటి పేరా అక్కడ ఉంటుందని నా అనుమానం.

1988 మే 2న నేను ఓరియోల్స్ అప్పటి మైదానం మెమోరియల్ స్టేడియంలో ఉన్నాను. జట్టు రికార్డు అప్పటికి 1-23, అంటే ఒక గెలుపు, 23 ఓటములు. అయినా సోమవారం రాత్రి 50,402 మంది వచ్చారు. టెక్సాస్ మీద 9-4తో గెలిచారు. పక్క సీటు పెద్దాయన స్కోరు కార్డు ఎలా రాయాలో నాకు ఆ రోజే నేర్పాడు. ఇంటికి చేరినవాడికి వజ్రం ఆకారం నింపమన్నాడు, మిగిలిపోయినవాడికి గీత అక్కడే ఆపేయమన్నాడు. ఆ కార్డు ఇంకా నా దగ్గరుంది. మధ్యలో పులిహోర నూనె మరక ఒకటి, అయిదో ఇన్నింగ్స్ సరిగ్గా కనపడదు. వచ్చే శనివారం ఖాళీ అయితే రా, చూపిస్తాను. పదకొండు పేజీలూ వెంట తెచ్చుకో, ఆరు చేద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు