మూతపడ్డ ఎయిర్‌లైన్ పేరు పాత రేసు కారు మీద ఇంకా ఎందుకు ఉంటుంది?

పాత కార్ల రేసు వీడియోల్లో ఎప్పుడో మూతపడ్డ ఎయిర్‌లైన్స్ పేర్లు కనిపిస్తున్నాయి, వాటికి ఇప్పుడు డబ్బులెవరిస్తారు, అసలు విమానాల కంపెనీలకు రేసులతో ఏం పని అని అడిగారు. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఈ రేసుల పిచ్చి కాస్త ఎక్కువే, కాబట్టి తెలిసింది చెప్తాను.

కారు మీద కనిపించే పాత పేరుకు మామూలుగా ఎవరూ డబ్బులివ్వరు. ఆ కారు ఆ రోజుల్లో ఏ రంగులో పరిగెత్తిందో ఓనరు అదే రంగు వేయించుకుంటాడు, పేరు అందులో భాగం. లాన్సియా స్ట్రాటోస్ ర్యాలీ కారునే చూడండి, తెలుపు మీద ఆకుపచ్చ, ఎరుపుతో అలిటాలియా పేరు. ఆ ఎయిర్‌లైన్ 2021లో ఆగిపోయింది, కానీ ఆ రంగులు లేని స్ట్రాటోస్‌ని ఊహించుకోవడం కష్టం.

ఇక విమానాల కంపెనీలకు ఏం పని అంటే, 1968కి ముందు ఫార్ములా వన్ లాంటి రేసుల్లో టైర్లు, ఆయిల్ లాంటి కార్ల వ్యాపారం వాళ్లను వదిలేస్తే బయటి కంపెనీ పేరు కారు మీద వేసుకోనిచ్చేవాళ్లు కాదు. డబ్బుండి రేసులోకి రావాలంటే ట్రాక్ పక్కన బోర్డు కొనుక్కోవాలి, లేదా ఏకంగా రేసు పేరునే కొనేయాలి. బ్రిటిష్ ఎయిర్‌లైన్ బీఓఏసీ 1967లో రెండో దారి పట్టింది. ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్‌లో ఆరు గంటల రేసుకు బీఓఏసీ 500 అని పేరు. మొదటి ఏడాదే అమెరికా నుంచి వచ్చిన చాపరల్ కారు గెలిచింది, అట్లాంటిక్ మీదుగా టికెట్లు అమ్ముకునే కంపెనీకి అంతకన్నా ఏం కావాలి!

నా లెక్కలో బోర్డు కన్నా పేరు కొనడమే తెలివైన పని. బోర్డు కెమెరా తిరిగినప్పుడే కనిపిస్తుంది, రేసు పేరు మాత్రం ఫలితాల్లో, పేపర్లలో, మనుషుల నోళ్లలో ఉండిపోతుంది. బ్రాండ్స్ హ్యాచ్‌లోనే పాత ప్రోగ్రాం పుస్తకాలు అమ్మే ఒక పెద్దాయనను 1970లో వానలో జరిగిన వెయ్యి కిలోమీటర్ల రేసు పుస్తకం ఉందా అని అడిగితే, "ఓ, బీఓఏసీ కావాలా?" అన్నాడు. ట్రాక్ పేరు కూడా ఎత్తలేదు. ఆ రేసులో డ్రైవర్ పెడ్రో రోడ్రిగెజ్‌ని, ప్రమాదం ఉంది, దాటకూడదు అని చూపే పసుపు జెండా దగ్గర వేరే కారును ఓవర్‌టేక్ చేశాడని లోపలికి పిలిచి చీవాట్లు పెట్టి పంపారు, అయినా పోర్షే 917తో ఐదు ల్యాపుల తేడాతో గెలిచాడు. బీఓఏసీ 1974లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో కలిసిపోయింది, ఆ పేరు మాత్రం ఆ స్టాల్లో ఇంకా నడుస్తోంది.

కారు మీద పేరు వచ్చాక కథ మారింది. 1979లో సిల్వర్‌స్టోన్‌లో విలియమ్స్ అనే ఫార్ములా వన్ టీమ్‌కు మొదటి గెలుపు తెచ్చిన క్లే రెగజోని పోడియం మీద షాంపేన్ ముట్టుకోలేదు, ఎందుకంటే స్పాన్సర్లలో మద్యం నిషేధం ఉన్న సౌదీ అరేబియా ఎయిర్‌లైన్ సౌదియా ఉంది.

ట్రాక్ పక్కన బోర్డుల సంగతి వేరు. గుడ్‌వుడ్ రివైవల్‌కి వెళితే (1948 నుంచి 1966 దాకా నడిచిన ట్రాక్, 1998 నుంచి అక్కడ ఈ పాత కార్ల పండగ) ఇప్పటి కార్లన్నీ దూరంగా పొలంలో ఆపించేస్తారు, లోపల బోర్డులు కూడా ఆ కాలం అక్షరాలతోనే. దగ్గరికెళ్లి చూశాను, కొన్ని ఫ్లెక్సీ ప్రింటు కావు, బ్రష్షు గీతలు కనిపిస్తాయి. నిజంగా డబ్బులిచ్చే స్పాన్సర్ కూడా ఆ వేషం వేసుకోవాల్సిందే, సూపర్‌మార్కెట్ కంపెనీ టెస్కో అయితే 1960ల నాటి దుకాణమే కట్టి పెట్టింది.

మనకు గుర్తుండే కింగ్‌ఫిషర్‌ కూడా ఇదే దారిలో ఉంది. విమానాలు 2012లోనే ఆగిపోయాయి, కానీ ఫార్ములా వన్ టీమ్ ఫోర్స్ ఇండియా పాత కార్లు ఎక్కడైనా బయటికి తీస్తే ఆ పేరు కూడా వాటితోపాటే వస్తుంది.

ఇంకొకటి, మీ వీడియోలో కారు మీద ఏదైనా పేరును టేపు వేసి కప్పేసి ఉంటే అది ఎయిర్‌లైన్ కాదు, చాలావరకు సిగరెట్ కంపెనీ అయ్యుంటుంది. పొగాకు ప్రకటనల చట్టాలు పాత కార్లకూ అడ్డొస్తాయని కొందరు ఓనర్లు ఎందుకొచ్చిన టెన్షన్ అని ముందే మూసేస్తారు.